ఆది చొక్కాకు ఎర్రదారం

సోమవారం పొద్దున్నే హెల్మెట్టు పెన్సిలమ్మ బల్ల మీదికొచ్చింది.

నిజం హెల్మెట్టే. పసుప్పచ్చది, మేడలు కట్టేచోట మేస్త్రీలు పెట్టుకునేది, నుదుటి దగ్గర చిన్న సొట్ట. ఆ ఆఫీసువాళ్లు తయారుచేసేది డేటాబేస్ సర్వరు. లక్షలమంది పేర్లూ చిరునామాలూ నంబర్లూ కడుపులో దాచుకుని, ఎవరేది అడిగితే అది చిటికెలో తీసిచ్చే గిడ్డంగి లాంటి ప్రోగ్రాము అది. దాని సోర్సు కోడు నాలుగువేల ఫైళ్లు. ఒక్కటి తప్ప అన్నిటినీ ఎవరైనా ఎప్పుడైనా తెరవొచ్చు. ఆ ఒక్కటీ స్ట్రింగ్ క్లాసున్న ఫైలు. దాన్ని తెరిచేవాళ్లు ముందుగా హెల్మెట్టు తెచ్చి తమ బల్ల మీద పెట్టుకోవాలి. అది ఒకరి దగ్గరున్నంతసేపూ ఇంకొకరు ఆ ఫైలు జోలికి పోకూడదు. ఎప్పుడో ఇద్దరు ఒకేసారి దాన్ని కెలికి, సర్వరు మూడు రోజులు మూలుగుతూ పడుకున్నాక పెట్టుకున్న కట్టుబాటది. హెల్మెట్టే ఎందుకంటే, పడేది తలమీదే కాబట్టి.

స్ట్రింగ్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, అక్షరాల వరస. పేరైనా వీధైనా ఫోన్ నంబరైనా సర్వరు లోపల అక్షరాల వరసగానే తిరుగుతుంది. ఆ వరసలను పట్టుకోవడం, కొలవడం, కొయ్యడం, అతకడం వంటి విద్యలన్నీ ఒకేచోట రాసిపెట్టిన కోడు ఆ క్లాసు. ఇంటికి పొయ్యి ఎలాంటిదో సర్వరుకు అది అలాంటిది. అక్కడ మాడితే వాసన వీధి గుమ్మందాకా కొడుతుంది.

పెన్సిలమ్మ అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది కాబట్టి అందరికీ పెన్సిలమ్మ అయిపోయింది. ఆరేళ్లు టెస్టింగు విభాగంలో కూర్చుని ఒకరు రాసినదాంట్లో తప్పులు పట్టింది. పట్టీ పట్టీ, పది నెలల కిందట, "ఇంతోటి తప్పులు నేనూ రాయగలను" అని లేచి కోడు రాసేవాళ్ల వైపు వచ్చి కూర్చుంది. ఆ మాట అన్నప్పుడు అందరూ నవ్వారు. ఇప్పటికీ నవ్వుతున్నారేమోనని ఆమెకు అనుమానం.

హెల్మెట్టు తెచ్చిపెట్టినవాడు పెద్దాయన. ఇరవై ఏళ్ల కిందట ఆ స్ట్రింగ్ క్లాసు పుట్టించినవాడూ ఆయనే. పైవారం పై అంతస్తులో వేరే విభాగానికి వెళ్లిపోతున్నాడు.

"ఇదిగో అమ్మా, పని చిన్నదే" అన్నాడు. ఆయనకు ఏ పనైనా చిన్నదే. "బ్లడ్ బ్యాంకు వాళ్లు అడిగారు. రక్తమిచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు కౌంటర్లో కూర్చున్న గుమాస్తాకు పూర్తిగా కనపడకూడదట. చివరి రెండంకెలు చూపించి మిగతావాటి మీద చుక్కలు పెట్టాలి. డాక్టరు చూస్తే మాత్రం మొత్తం కనపడాలి. స్ట్రింగ్ క్లాసుకు ముసుగేసే విద్య ఒకటి నేర్పు. శుక్రవారం నాలుగింటికి కొత్త కోడు లోపలికి రాకుండా తలుపు మూస్తాం. ఆలోగా నీ ముసుగు లోపలికొస్తే ఈ ఫైలు నీది, నా తరవాత దీని మంచిచెడ్డలు నువ్వే చూసుకుంటావు."

"రాకపోతే సార్?"

"టెస్టింగులో నీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట."

అదీ సంగతి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆరేళ్లు దాని కింద మడతపెట్టిన అట్టముక్క పెట్టుకుని కూర్చుంది. మళ్లీ ఆ అట్టముక్క దగ్గరికి పోవడమా అనుకుని హెల్మెట్టును దగ్గరికి లాక్కుంది.

మధ్యాహ్నానికల్లా ముసుగు రాసేసింది. పదకొండు లైన్లు. వరసలో మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి, చివరి రెండూ వదిలి, మిగతా అంకె అంకెకూ చుక్క కొట్టుకుంటూ పోవడం. నడిపి చూసింది. గుమాస్తా పేరుతో లోపలికెళ్తే నంబర్లన్నీ చుక్కలు, చివర రెండంకెలు. చక్కగా, తలంటుపోసుకున్న పిల్లల్లా వరసగా కూర్చున్నాయి.

"ఇంతేనా!" అనుకుంది పైకే. ఆ మాట అననివాడు లేడు, అని బాగుపడ్డవాడూ లేడు.

మంగళవారం పదింటికి పురుగులక్క వచ్చింది. టెస్టింగులో పెన్సిలమ్మకు ఆరేళ్లు పక్క కుర్చీ. కోడులో తప్పును ఆ లోకంలో పురుగంటారు గనకా, ఏ కోడునైనా బియ్యంలో పురుగులేరినట్టు ఏరుతుంది గనకా ఆవిడకు ఆ పేరు. చేతిలో టీ కప్పు, మొహంలో పండగ.

"ఏమే పెన్సిలూ, డాక్టరుకు కూడా ముసుగేశావేంటి? పాపం, ఆపరేషన్ బల్ల మీద మనిషిని పెట్టుకుని ఎవరికి ఫోన్ చేస్తాడే? చుక్కలకా?"

"డాక్టరుకు వెయ్యలేదక్కా. ఆ దారిలో ముసుగును పిలవనే పిలవలేదు."

"పిలవకపోయినా వచ్చేసింది మరి, పెళ్లికి ఎదురింటోళ్లు వచ్చినట్టు. చూస్కో."

చూసుకుంది. నిజమే. ముందు గుమాస్తాగా వెళ్లి జాబితా చూసి, తరవాత డాక్టరుగా వెళ్లి చూస్తే చుక్కలే. ముందే డాక్టరుగా వెళ్తే నంబర్లు నిక్షేపంలా ఉన్నాయి. గుమాస్తా ఒకసారి చూసి పోయాక మాత్రం ఎవరు చూసినా చుక్కలే. గుమాస్తా దిష్టి తగిలినట్టు.

అనుమతులు చూసే కోడు తప్పేమోనని దాన్ని వెతికింది. తప్పు లేదు. తెర మీద చూపించే కోడును వెతికింది. అక్కడా లేదు. సర్వరును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. నంబర్లన్నీ వచ్చేశాయి, ఏమీ ఎరగనట్టు.

"వచ్చేశాయక్కా!"

"అన్నీ వచ్చాయా?"

అన్నీ రాలేదు. పరీక్ష కోసం పెట్టుకున్న వెయ్యి పేర్లలో నలభై మూడు చుక్కలతోనే ఉండిపోయాయి. ఇది బ్లడ్ బ్యాంకు వాళ్ల అసలు జాబితా కాదు, ఉత్తుత్తి పేర్లతో తయారుచేసుకున్నది. కాబట్టి ఎవరి ప్రాణానికీ ముప్పులేదు. కానీ ఆ నలభై మూడు ఎందుకు రాలేదు? మిగతావి ఎందుకు వచ్చాయి? ఎవరో అంకెల మధ్య ఖాళీలు పెట్టి కొట్టిన నంబర్లు కొన్నున్నాయి, వాటికసలు ఈ రోగమే తగల్లేదు. అదెందుకు?

"దీనికి తలా లేదు తోకా లేదక్కా" అంది పెన్సిలమ్మ.

"రెండూ ఉంటాయే. ఏది తలో ఏది తోకో నీకు తెలీట్లేదు, అంతే" అని టీ తాగుతూ పోయింది పురుగులక్క. పోతూపోతూ వెనక్కి తిరిగి, "కుర్చీ దులిపి పెట్టమంటావా?" అంది. ఎగతాళికే అంది. పెన్సిలమ్మకు మాత్రం ముల్లు దిగినట్టయింది.

బుధవారం ఇంకా వింత. ముసుగు లోపల ఏం జరుగుతోందో చూద్దామని, చుక్కలు కొట్టేముందు ఆ వరసలో ఏముందో తెర మీద చూపించమని ఒక లైను కలిపింది. ఆ లైను కలిపాక రోగం మాయం. గుమాస్తాకు చుక్కలు, డాక్టరుకు నంబర్లు, ఎన్నిసార్లు చూసినా ఎటువైపు నుంచి చూసినా సరిగ్గా ఉంది. లైను తీసేసింది. రోగం తిరిగొచ్చింది. పెట్టింది, పోయింది. తీసింది, వచ్చింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే పిల్లాడి జ్వరం దిగిపోయి, ఆయన వీధి మలుపు తిరగ్గానే మళ్లీ ఒళ్లు కాలినట్టుంది.

ఆ లైను అలాగే ఉంచేస్తే సరిపోదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆరేళ్లు ఇతరులు చేసిన అలాంటి దొంగపనులను పట్టుకున్న మనిషి. తన చెయ్యే ఆ పనికి పోబోయినందుకు సిగ్గుపడి, లైను తీసేసి, స్ట్రింగ్ ఫైలు మొత్తం కాగితాల మీద అచ్చుకొట్టించుకుంది. నలభై ఒక్క కాగితాలు. తెర మీద దొరకనిది కాగితం మీద దొరుకుతుందని ఆమె నమ్మకం. సంచిలో కుక్కుకుని ఇంటికి బయల్దేరింది.

ఇల్లంటే రెండు గదులు, ముందు వసారా. వసారాలో అత్తగారి కుట్టుమిషను. ముప్ఫై ఏళ్లుగా ఆ వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది ఆవిడే. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ వారం ఏదో పదిహేనంతస్తుల మేడలో పనిపడి పొరుగూరు పోయాడు. అత్తాకోడళ్లిద్దరే.

సంచి దించేసరికి అడుగు చిరిగి కాగితాలు వసారా అంతా పరుచుకున్నాయి. అత్తగారు లోపల పొయ్యి దగ్గరున్నట్టుంది. పెన్సిలమ్మ కాగితాలన్నీ ఏరి, వరస పెట్టి, కట్టడానికేముందా అని చూసింది. మిషను పక్క బల్ల మీద మడతపెట్టిన నీలంగళ్ల చొక్కా ఉంది. దాని కాలరుకు ఎర్రదారం పోగు ఒకటి ముడేసి ఉంది, రెండు మూరల పొడుగు. చెయ్యి దానంతటదే పోయి, ముడి విప్పి, కాగితాల కట్టకు చుట్టింది. బుర్ర అక్కడుంటే గదా! బుర్రలో ఆ నలభై మూడు నంబర్లు చుక్కలు చుక్కలుగా తిరుగుతున్నాయి.

ఆ సాయంత్రమంతా మంచం మీద కాగితాలు పరుచుకుని చదివింది. పెద్దాయన రాత పాతకాలపు ఇల్లు లాంటిది. ఎక్కడ గూడు కావలిస్తే అక్కడ గూడు, ఎక్కడ గుమ్మం కావలిస్తే అక్కడ గుమ్మం. ప్రతి వరస వెంటా కొన్ని గుర్తులు తగిలించాడు. పొడవెంత, ఏ లిపి, ఇంకా ఒకటి: ఈ అక్షరాలున్న చోటు ఈ వరస సొంతమా, లేక పక్కవాళ్ల చోటు చూపిస్తోందా అని చెప్పే చిన్న గుర్తు. సొంతమైతే ఒకటి, పక్కవాళ్లదైతే సున్నా. వరస పనైపోయి పారేసేటప్పుడు ఆ గుర్తు చూస్తారు. సొంతమైతే ఆ చోటు ఖాళీచేసి సర్వరుకు అప్పజెబుతారు, పక్కవాళ్లదైతే ముట్టకుండా వదిలేస్తారు. ఆ సంగతి పెన్సిలమ్మకు తెలిసిందే. పెన్సిలుతో దానికో టిక్కు కొట్టి ముందుకుపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

"ఏంటమ్మాయ్, ఆ కాగితాల్తో కాపరం చేస్తావా ఏంటి, అన్నానికి రావా?" అని అత్తగారు కేకేసింది.

"వస్తున్నానత్తయ్యా. ఒక్కటి అర్థం కావట్లా."

"ఒక్కటే గదా. నాకు మీ ఆయన పుట్టిందగ్గర్నించీ అర్థం కాలా. అన్నం తిన్లా?"

గురువారం ఆఫీసులో ఏమీ తేలలేదు. ముసుగును మూడు రకాలుగా తిరగరాసింది. ముందునుంచి కాక వెనకనుంచి చుక్కలు కొట్టి చూసింది. రెండేసి అంకెలుగా కొట్టి చూసింది. ఎలా కొట్టినా రోగం రోగమే. పెద్దాయన అటువైపు రెండుసార్లు నడిచి వెళ్లాడు గానీ ఏమీ అడగలేదు. అడగకపోవడమే అడిగినట్టుంది. సాయంత్రం ఐదింటికి హెల్మెట్టు తీసి తలకు పెట్టుకుని చూసింది. అలాగైనా ఏమైనా తడుతుందేమోనని. చెమట పట్టింది తప్ప ఏమీ తట్టలేదు.

ఇంటి మలుపు తిరుగుతుండగానే అత్తగారి గొంతు వినపడింది. ఆవిడ ఒక్కతే ఉన్నా పదిమంది ఉన్నట్టు తిట్టుకోగలదు.

"పోయే! నా చేతులు విరిగిపోనూ! ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ చెయ్యని పని!"

వసారాలో నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలంగళ్ల చొక్కా. పక్కన అదే చొక్కా అడుగునుంచి కత్తిరించిన నాలుగంగుళాల పట్టీ, చచ్చిన పాములా.

"ఏమైందత్తయ్యా?"

"ఏమవ్వాలి? మూలింటి బస్సు డ్రైవరు రెండు చొక్కాలిచ్చిపోయాడమ్మా. ఒకటి పొడుగైందట, నాలుగంగుళాలు కోసి పెట్టమన్నాడు. రెండోది ఆది చొక్కా. కొత్త గుడ్డ ఇచ్చి, 'పిన్నిగారూ, కొత్తది సరిగ్గా దీని కొలతకే కుట్టండి, ఇది నాకు ప్రాణం' అన్నాడు. రెండూ నీలంగళ్లవే చచ్చాయి. ఇప్పుడు చూస్తే ఆది చొక్కానే కోసి పారేశా!"

"గుర్తేం పెట్టుకోలేదా?"

"ఎందుకు పెట్టుకోనూ? ఆది చొక్కా అన్నాక ఎర్రదారం కట్టకుండా ఉంటానా? నా చేతుల్తో కట్టా. కాలరుకు. ఇవాళ చూస్తే దేనికీ దారం లేదు. దారం లేనిది చేతికి ఏది ముందొస్తే అది కోసేదే గదా అని…" ఆవిడ ఆగింది. ఆవిడ చూపు కోడలి చంకలోని కాగితాల కట్ట మీద పడింది. కట్టకు అడ్డంగా ఎర్రదారం, చక్కగా బొత్తాం ముడి వేసి ఉంది. ఆ ముడి అత్తగారే నేర్పింది.

వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగింది.

"ఓసి నా కోడలా" అంది అత్తగారు మెల్లిగా. మెల్లిగా అనడమే భయం. "చొక్కా మీదనుంచి తీశావా?"

"కాగితాలు కట్టుకుందామని… ఉత్త దారమే కదా అనుకున్నానత్తయ్యా. అంటే, ఎవరి చొక్కా ఎవరికి తిరిగివ్వాలో తెలియడానికి కట్టుకుంటారేమో, నాలుగు రోజులాగి ఇచ్చేటప్పుడు చూసుకుంటారులే, ఈలోగా నేను…"

"తిరిగివ్వడానికా!" అత్తగారి గొంతు మళ్లీ మామూలైంది, అంటే వీధి చివరిదాకా లేచింది. "తిరిగివ్వడానికి గుర్తెందుకే, మనిషి మొహం చూస్తే తెలీదూ? దారం కట్టేది కత్తెర పెట్టకుండా ఉండటానికి! ఇది మనది కాదు, చూసి కొలుచుకోడానికి మాత్రమే మన దగ్గరుంది, చెయ్యి వెయ్యకు అని. కొయ్యాలనిపిస్తే దాని కొలతకు ఇంకో గుడ్డ తీసుకుని, దాన్ని కోసుకో అని! ఇచ్చేటప్పుడు చూసే గుర్తు కాదది, ముట్టేటప్పుడు చూసే గుర్తు!"

పెన్సిలమ్మ నిలబడ్డచోటే ఉండిపోయింది.

ఆవిడ తిడుతూనే ఉంది. ఎరువు సొమ్ము బరువు చేటని, పరాయి సొత్తు దగ్గర ఒళ్లు దగ్గరుంచుకోవాలని, చదువుకున్నవాళ్లకంటే మేకలు నయమని. పెన్సిలమ్మకు అందులో సగమే వినపడింది. మిగతా సగం చోటులో, పెద్దాయన పెట్టిన ఆ చిన్న గుర్తు, తాను టిక్కు కొట్టి దాటిపోయిన గుర్తు, తిరుగుతోంది. ఒకటి, సున్నా. సొంతం, పరాయి. దాన్ని పారేసేటప్పుడు చూసే గుర్తనుకుంది తను. ముసుగు చేతికొచ్చిన ఫోన్ నంబరు… అది ఎవరిది? సర్వరు జాబితాలో ఒక పేజీని, దాచిపెట్టే డిస్కు మీదనుంచి పనిచేసుకునే మెమొరీలోకి తెచ్చుకుని, కాపీ తియ్యడం దండగని, "ఇదిగో, అక్కడుంది చూసుకో" అని ఆ పేజీలో ఉన్న అసలు నంబరునే వేలితో చూపిస్తుంది. తన ముసుగు వెళ్లి ఆ అసలు నంబరు మీదే చుక్కలు కొట్టింది. ఆది చొక్కాకే కత్తెర పెట్టింది.

"అత్తయ్యా" అంది.

"ఏంటే!"

"ఖాళీలున్న నంబర్లకు ఏమీ కాలేదు."

"ఏ ఖాళీలే? నేనిక్కడ చొక్కా గురించి ఏడుస్తుంటే!"

"ఖాళీలు తియ్యడానికి ముందే వేరే కాపీ తీస్తారు. అందుకే కాలేదు. ఆ చూపించే లైను కూడా చూపించేముందు కాపీ తీస్తుంది, చుక్కలు ఆ కాపీ మీదే పడతాయి, అందుకే అది పెడితే రోగం పోయింది. మరి ఆ నలభై మూడు…" ఆమె మొహం మళ్లీ ముడుచుకుంది. "ఆ నలభై మూడు ఎందుకు తిరిగిరాలా?"

అత్తగారు చొక్కా పక్కనపెట్టి కోడలి నుదుటి మీద చెయ్యేసి చూసింది. జ్వరమేం లేదు. "పోయి మొహం కడుక్కోపో" అంది, ఈసారి నిజంగానే మెల్లిగా.

నలభై మూడు సంగతి శుక్రవారం పొద్దున బస్సులో నిలబడి ఉండగా తట్టింది. తట్టిందో లేదో సరిగ్గా తెలియలేదు, తట్టినట్టుంది. మెమొరీలో ఉన్న పేజీలో ఎవరూ ఏమీ దిద్దకపోతే, సర్వరు ఆగినప్పుడు దాన్ని అలాగే పారేసి, మళ్లీ డిస్కు మీదున్న శుభ్రమైన పేజీని తెచ్చుకుంటుంది. అప్పుడు నంబర్లు తిరిగొస్తాయి. కానీ అదే పేజీలో ఇంకెవరో ఒక చిరునామా దిద్ది ఉంటే, ఆ దిద్దుబాటుతోపాటు పేజీ మొత్తాన్నీ డిస్కు మీద రాసేస్తుంది. పనిలోపనిగా చుక్కలు కూడా శాశ్వతం. పురుగులక్క మంగళవారం పొద్దున చిరునామాలు దిద్దే పరీక్ష ఒకటి నడిపిందన్నమాట. అడిగితే నడిపానంది.

"అంటే తప్పు నాదా?" అంది పురుగులక్క.

"నీది కాదక్కా. నువ్వు దిద్దడం వల్లే బయటపడింది."

"అయితే ఓ టీ ఇప్పించు."

కలపవలసింది రెండే రెండు లైన్లు. ముసుగు మొదట్లో, చుక్క కొట్టేముందు: ఈ చోటు నీదేనా? కాకపోతే ముందు నీకంటూ ఒక కాపీ తెచ్చుకో, దానిమీద కొట్టుకో. రాసింది. పురుగులక్క గుమాస్తాగా వెళ్లింది, డాక్టరుగా వెళ్లింది, ముందు వెళ్లింది, వెనక వెళ్లింది, చిరునామాలు దిద్దింది, సర్వరును ఆరుసార్లు ఆపి లేపింది. మూడూ ఇరవైకి వచ్చి, "పురుగు చచ్చిందే. నాకు చాలా బాధగా ఉంది" అంది.

మూడున్నరకు పెద్దాయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పదమూడు లైన్లూ రెండుసార్లు చదివాడు.

"ఈ రెండు లైన్లు పైన ఎందుకమ్మా?"

చెప్పింది. పేజీ సంగతి చెప్పింది, గుర్తు సంగతి చెప్పింది, చొక్కా సంగతి చెప్పకుండా ఉండలేక అదీ చెప్పింది. ఆయన నవ్వాడు. బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. "బాగుంది. తలుపు తీస్తా" అని లేవబోయాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఫైలు తనదయ్యేది, పొట్టికాలి కుర్చీ పీడ వదిలేది. కానీ పొద్దున ఆ రెండు లైన్లు రాశాక ఆమె కింద కూడా చూసింది. అక్షరాలను పెద్దవిగా మార్చే విద్య, చివరి ఖాళీలు కొట్టేసే విద్య, తిరగేసే విద్య, అలాంటివి ఏడు. అన్నీ పెద్దాయన రాసినవే. ఒక్కదాంట్లోనూ ఆ ప్రశ్న లేదు. చెబితే ఏమనుకుంటాడు? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆరేళ్ల టెస్టింగు బుద్ధి నాలుక చివర దురదపెట్టింది.

"సార్, మరి మీవి?"

"నావేంటి?"

"కిందున్న ఏడూ. అవి కూడా అడక్కుండానే కోస్తున్నాయి కదండీ."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. కిందికి జరిపాడు. ఒకటి చదివాడు, రెండోది చదివాడు, నాలుగోదాని దగ్గర ఆగాడు. గోడ మీద గడియారంలో మూడూ యాభై అయింది.

"ఇవెప్పుడూ సొంత వరసల మీదే పిలుస్తారమ్మా. పరాయివాటి మీద పిలవరు."

"ఎవరు చెప్పారండీ?"

"నేనే."

"ఎక్కడ రాశారు?"

"ఎక్కడా…" అని ఆయన తల తాకి చూపించాడు. "ఇక్కడుంది."

"ఆ తల పైవారం పై అంతస్తుకు వెళ్లిపోతోంది కదండీ."

అనేశాక గాని ఏమందో ఆమెకు తెలియలేదు. పురుగులక్క టీ కప్పు నోటి దగ్గరే ఉండిపోయింది. పెద్దాయన మొహంలో కోపమేమైనా ఉందా అని చూసింది. కోపం కాదు. నవ్వూ కాదు. వీధిలో ఎవరో తన ఇంటిపేరు తప్పుగా పిలిచినప్పుడు తిరగాలా వద్దా అని ఆగే మనిషి మొహంలా ఉంది. ఇరవై ఏళ్లలో ఆయన మొహం అలా చూసినవాళ్లు ఆ గదిలో లేరు.

మూడూ యాభై ఎనిమిదికి ముసుగును లోపలికి తీసుకున్నాడు. నాలుగింటికి తలుపు మూశాడు. హెల్మెట్టు చేతిలోకి తీసుకుని, సొట్ట మీద బొటనవేలితో రాసి, మళ్లీ ఆమె బల్ల మీదే పెట్టాడు.

"సోమవారం తెమ్మంటారా సార్, అలమారాలో పెట్టడానికి?"

"వద్దులే. ఇక్కడే ఉండనీ" అని, రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "ఏడు కాదమ్మా, తొమ్మిది" అనేసి పోయాడు.

ఇంటికొచ్చేసరికి బస్సు డ్రైవరు వసారాలో నిలబడి చొక్కా తొడుక్కుని చూసుకుంటున్నాడు. అత్తగారు ఆ నాలుగంగుళాల పట్టీని తిరిగి కుట్టేసింది. గళ్లు గళ్లకు కలిశాయి గానీ, కలిసినచోట సన్నని గీత ఒకటి నడుం కింద చుట్టూ తిరిగి ఉంది.

"పిన్నిగారూ, ఈ గీతేంటి? ఇదివరకు లేదే?"

"అదా, మా కోడలి చేతిపనిలే" అంది అత్తగారు, గుడ్లు ఉరిమి కోడలివైపు చూస్తూ. "నీ కొత్త చొక్కా రేపిస్తా. పాతదానికి బలం కోసం అడుగున ఓ పట్టీ వేశామనుకో."

"అలాగా" అన్నాడు డ్రైవరు. నమ్మాడో లేదో చెప్పలేం. గీతను రెండుసార్లు వేలితో తడిమి చూసుకుని, చొక్కా విప్పి ఆవిడ చేతికిచ్చాడు, కొత్తదాని కొలత కోసం. ఆయన వెళ్లాక పెన్సిలమ్మ కాగితాల కట్టకున్న ఎర్రదారం విప్పి అత్తగారికిచ్చింది. ఆవిడ దాన్ని కాలరుకు రెండు ముళ్లేసి కట్టింది. ఒక ముడి చాలదనుకుందేమో.

"ఇంతకీ పాసయ్యావా ఫెయిలయ్యావా?"

"తెలీట్లేదత్తయ్యా. ఫైలు నాకే ఇచ్చారు. హెల్మెట్టూ నాకే వదిలేశారు."

"హెల్మెట్టా? అది మంచికా చెడుకా?"

పెన్సిలమ్మ జుట్టులోని పెన్సిలు తీసి, విడిపోయిన కాగితాలను ముందేసుకుని కూర్చుంది. ఏడు ఎక్కడున్నాయో తెలుసు. మిగతా రెండూ ఎక్కడున్నాయో ఆయన చెప్పలేదు.

"అదే చూస్తున్నా" అంది. "ఇంకో దారం ముక్కుందా అత్తయ్యా? ఉత్తదే. ఎవరిదీ కానిది."